మూడు సెల్లులు, ఒక పెట్టె: వోల్టేజీ మార్చుకోగల బ్యాటరీ పెట్టెను ఇంట్లో కట్టుకునే పద్ధతి

మా వీధి చివరింటి కుర్రాడు డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడు. ఒక సాయంత్రం క్యారీబ్యాగులో రెండు లిథియం సెల్లులు, బొటనవేలంత బోర్డు ఒకటి వేసుకుని వచ్చాడు. "బాబాయ్, దీన్ని ఎన్ని వోల్టులకు పెట్టాలి?" అన్నాడు. దేనికిరా అంటే కాసేపు నీళ్ళు నమిలి, వేప్ (ఈ-సిగరెట్) కట్టుకుందామని, అన్నాడు.

తిట్టలేదు. కూర్చోబెట్టి లెక్క చూపించాను. నిండుగా ఛార్జయిన సెల్లులో 4.2 వోల్టులుంటాయి. దానికి వేప్‌లో వేడెక్కే అర ఓము కాయిల్ తగిలిస్తే 4.2ని 0.5తో భాగించాలి, అంటే 8.4 ఆంపియర్లు. వాడి చేతిలో ఉన్నవి పాత ల్యాప్‌టాప్ లోంచి తీసిన సెల్లులు, అంత కరెంటు లాగడానికి చేసినవి కావు. అలాంటిది మొహానికి జానెడు దూరంలో పట్టుకోవడం. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో వేప్ పేలి ఒక మనిషి చనిపోయాడు. ఇక మన దేశంలో 2019 నాటి చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరాలే. తయారుచేసి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వీటన్నిటి కంటే నన్ను బాధపెట్టింది, ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లాడు నికోటిన్‌కు అలవాటుపడటం. అందుకని ఆ కాయిల్ సంగతి నేను చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

కానీ వాడి బుర్రలో ఉన్న ప్రశ్న మంచిది. ఒక సెల్లు ఇచ్చే మూడున్నర చిల్లర వోల్టులను మనకు కావాల్సిన వోల్టేజీకి ఎలా మార్చుకోవాలి? అదే సెల్లు, అదే కోవకు చెందిన బోర్డుతో ఇంటికి పనికొచ్చేది కడదాం రా అన్నాను. రెండు ఆదివారాలు పట్టింది. కరెంటు పోయినప్పుడు వైఫై రౌటరునో, 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీనో నాలుగు గంటలు నడిపే పెట్టె అది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు చచ్చిపోయి, మేడల మీద ఎవరెవరున్నారో తెలియక జనం పడ్డ అవస్థ చూసినవాళ్ళకు, ఇంట్లో ఇలాంటిదొకటి ఎందుకుండాలో వేరే చెప్పక్కర్లేదు.

ముందు సెల్లు అంటే ఏమిటో తెలుసుకోండి

మనం వాడేది 18650. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి గొట్టం అని చెప్పడానికి. ఛార్జరు నింపేది 4.2 వోల్టుల దాకా. ఎక్కువసేపు ఉండేది 3.6, 3.7 దగ్గర. మూడు దగ్గరికి వచ్చిందంటే ఆపేయాలి. ఈ మూడు అంకెలూ కంఠతా రావాలి.

సెల్లు పై భాగంలో చిన్న బొడిపె ప్లస్. మిగతా డబ్బా మొత్తం, పైన బొడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా, మైనస్. ఆ రెండింటికీ మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లే. కాగితమంత పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింద ఒక తెల్ల వాషరు, ఇవే అడ్డు. తొడుగు చిరిగిన సెల్లును ఎంత మంచిదైనా అలాగే వాడకండి. వేడికి బిగుసుకునే కొత్త ప్లాస్టిక్ స్లీవు తొడిగి, ప్లస్ వైపు కాగితం వాషరు అంటించాకే ముట్టుకోండి.

బజారులో 9,900 అని అచ్చేసిన సెల్లులు కనిపిస్తాయి. ఆ కొలతల డబ్బాలో, మామూలుగా దొరికే మంచి సెల్లుకైనా, 3,500, 3,600 మిల్లీ ఆంపియర్ అవర్ల (ఎంత ఛార్జి నిల్వ ఉంటుందో చెప్పే కొలత) చుట్టుపక్కలే పడుతుంది. అంతకు ఎన్ని రెట్లు రాస్తే అంత అబద్ధమని లెక్క. ఇంకో పరీక్ష బరువు. అసలైన సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. చిన్న డిజిటల్ త్రాసు మీద పెడితే ముప్పైకి ఆగిపోయే సెల్లును దుకాణదారుకు తిరిగి ఇచ్చేయండి. గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లకు వెళ్ళినప్పుడు నేను మీటరు జేబులో పెట్టుకునే వెళ్తాను. కౌంటరు మీదే కొలిచి చూస్తానంటే మంచి కొట్టువాళ్ళెవరూ కాదనరు.

సామాన్లు

ఒకే రకం, ఒకే కంపెనీ 18650 సెల్లులు మూడు, ఒక్కొక్కటి 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల చొప్పున. టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, అదీ రక్షణ చిప్పుతో ఉన్నది. దాన్ని గుర్తుపట్టడం తేలిక: బోర్డు మీద బ్యాటరీకి రెండు, అవుట్‌కు రెండు, మొత్తం నాలుగు బిందువులుంటాయి. రెండే ఉంటే అందులో రక్షణ లేదు, తీసుకోవద్దు. వోల్టేజీ పెంచడానికి ఎంటీ3608 బోర్డు. ఐదు ఆంపియర్ల గాజు ఫ్యూజు, దాని హోల్డరు. ఒక స్విచ్చి. నొక్కితేనే వెలిగేలా ఒక పుష్ బటన్, దానికి మూడంకెల చిన్న వోల్టు మీటరు. రౌటరుకు సరిపోయే డీసీ పిన్ను. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఎరుపు, నలుపు రెండు మూర్ల చొప్పున. స్లీవు, సోల్డరు, పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరను. పెట్టెకు పీవీసీ స్విచ్‌బోర్డు డబ్బా. మా కుర్రాడు వాళ్ళమ్మ స్టీలు టిఫిను డబ్బా తెచ్చాడు, చూడముచ్చటగా ఉంటుందని. లోహపు డబ్బా వద్దు. లోపల ఒక్క వైరు ఊడినా డబ్బా మొత్తం షార్టు అవుతుంది.

అన్నిటికంటే ముందు మల్టీమీటరు. అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. దాని గురించి ఒక్క హెచ్చరిక: ఎర్ర ప్రోబును పది ఆంపియర్ల రంధ్రంలో వదిలేసి, మరిచిపోయి సెల్లు వోల్టేజీ చూడబోయారంటే, మీటరు లోపలి కమ్మీ ద్వారా సెల్లును నేరుగా షార్టు చేసినట్టే. కొలిచే ముందు ప్రతిసారీ ప్రోబు ఏ రంధ్రంలో ఉందో కళ్ళతో చూడండి. చేతికి ఉంగరం, కడియం, లోహపు పట్టీ గడియారం ఉంటే తీసి పక్కన పెట్టండి.

సెల్లుల పరీక్ష

అసలు పనంతా ఇక్కడే ఉంది. వైరింగు గంటలో అయిపోతుంది. పరీక్షకు వారం పడుతుంది, పట్టాలి కూడా.

కొత్త సెల్లులైతే దుకాణంలో 3.5 నుంచి 3.7 వోల్టుల మధ్య చూపిస్తాయి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసినవైతే ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటుంది. రెండున్నర వోల్టుల కంటే కిందికి దిగిపోయి చాలాకాలం పడి ఉన్న సెల్లును బతికించే ప్రయత్నం చేయకండి. అంత కిందికి పోతే లోపలి రాగి రేకు కరిగి, మళ్ళీ ఛార్జి పెట్టినప్పుడు ఉండకూడని చోట పేరుకుంటుంది. అది లోపలి షార్టుకు దారి. సెల్లు పైకి బాగానే ఉంటుంది, మీటరు కూడా నాలుగు వోల్టులు చూపిస్తుంది. ఏ అర్ధరాత్రో వేడెక్కుతుంది.

మిగిలినవాటిని ఒక్కొక్కటే టీపీ4056 మీద నింపండి. గంటకోసారి వేలితో తాకి చూడండి. గోరువెచ్చన పర్వాలేదు, వేలు పెట్టి ఉంచలేనంత వేడి వస్తే ఆ సెల్లు పక్కకు. నిండాక తీసి, సెల్లు మీద స్కెచ్ పెన్నుతో తేదీ, వోల్టేజీ రాసి, వారం రోజులు విడిగా ఉంచండి. మొదటి రోజు 4.18 ఉన్నది వారానికి 4.16 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. పదో వంతు వోల్టు కంటే ఎక్కువ పడిపోతే లోపల ఎక్కడో కారుతోందన్నమాట.

ఇప్పుడు ఎంత నిల్వ చేస్తుందో చూడాలి. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. 4.7 ఓములు, పది వాట్ల సిమెంటు రెసిస్టరు ఒకటి కొనండి. నిండు సెల్లుకు దాన్ని తగిలించి గడియారం చూసుకోండి. సగటున 3.7 వోల్టులు అనుకుంటే 0.79 ఆంపియర్లు పారుతుంది. మూడు వోల్టులకు దిగేదాకా ఎన్ని గంటలు పట్టిందో, దాన్ని 0.79తో గుణిస్తే సెల్లు కెపాసిటీ. మూడు గంటలు పడితే దాదాపు 2,370 మిల్లీ ఆంపియర్ అవర్లు. మొదటినుంచీ ప్రతి పదిహేను నిమిషాలకూ కొలవండి, చివర్లో వోల్టేజీ వడివడిగా పడిపోతుంది. రెసిస్టరు బాగా కాలుతుంది కాబట్టి పింగాణీ పళ్ళెంలో పెట్టండి. మూడు సెల్లులూ ఒకదానికొకటి పదో వంతు తేడాలో ఉంటే జత కుదిరినట్టే.

మా కుర్రాడు తెచ్చిన రెండింట్లో ఒకటి నలభై నిమిషాలకే పడిపోయింది. దాన్ని కాయిల్‌కు కట్టి ఉంటే ఏమయ్యేదో వాడికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

పక్కపక్కన కట్టడం

మూడు సెల్లులను ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు కలుపుతాం. ఇలా కడితే వోల్టేజీ ఒక సెల్లుదే, నిల్వ మాత్రం మూడు సెల్లులది: 7,500 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 27 వాట్ అవర్లు. వరుసగా కడితే 12 వోల్టులు నేరుగా వస్తాయి కదా అని మీరు అడగవచ్చు. వస్తాయి. కానీ అప్పుడు మూడు సెల్లులూ సమానంగా నిండుతున్నాయో లేదో కనిపెట్టే బోర్డు వేరే కావాలి, ఛార్జరు వేరే కావాలి, ఒక సెల్లు వెనకబడితే దాని మీదే భారమంతా పడుతుంది. మొదటిసారి కట్టేవాళ్ళకు పక్కపక్కనే మేలు.

కలిపే ముందు మూడింటి వోల్టేజీ సమానంగా ఉండాలి. 0.05 వోల్టు కంటే ఎక్కువ తేడా వద్దు. ఎందుకో లెక్క చూడండి. ఒక సెల్లు 4.1, పక్కది 3.5 ఉన్నాయనుకోండి. తేడా 0.6 వోల్టు. ఒక్కో సెల్లు లోపలి నిరోధం 0.05 ఓము చుట్టూ ఉంటుంది, రెండూ కలిపి 0.1. అంటే కలిపిన క్షణంలో ఆరు ఆంపియర్లు ఒక సెల్లు నుంచి ఇంకో దాంట్లోకి దూకుతాయి. ఏ బోర్డూ, ఏ చిప్పూ దాన్ని ఆపదు, ఎందుకంటే అది వాటి దాకా రానే రాదు. అందుకే మూడింటినీ విడివిడిగా పూర్తిగా నింపి, గంట ఆగి, కొలిచి, అప్పుడు కలపండి.

సెల్లు మీద నేరుగా సోల్డరు పెట్టకండి. ఐరను వేడి పది సెకన్లు తగిలితే లోపల పొరలను వేరుచేసే పల్చటి ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది, ప్లస్ వైపున్న సీలు చెడుతుంది. నికెల్ పట్టీలు స్పాట్ వెల్డింగు చేయించుకోండి. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు విప్పి కట్టేచోట ఆ యంత్రం ఉంటుంది, మూడు సెల్లులకు వాళ్ళకు ఐదు నిమిషాల పని. కొందరు స్ప్రింగుల హోల్డరు వాడతారు. అది సులువే, కానీ పక్కపక్కన కట్టిన హోల్డరులో చీకట్లో ఒక సెల్లు తిరగేసి పెట్టారంటే మిగతా రెండూ దాని మీద పడతాయి. పిల్లలున్న ఇంట్లో నేను హోల్డరు వాడను.

వెల్డింగయ్యాక ప్లస్ పట్టీకి ఎర్ర వైరు సోల్డరు చేసి, అంగుళం దూరంలోనే ఫ్యూజు పెట్టండి. పెట్టె అవతలి కొసలో పెట్టిన ఫ్యూజు, మధ్యలో వైరు నలిగినప్పుడు పనికిరాదు.

వైరింగు

టీపీ4056 బోర్డును బల్ల మీద పెట్టి చూడండి. ఒకవైపు యూఎస్‌బీ రంధ్రం, రెండోవైపు నాలుగు బిందువులు. బీ అని రాసిన రెండు బిందువులకు సెల్లుల కట్ట: ఫ్యూజు దాటి వచ్చిన ఎరుపు ప్లస్‌కు, నలుపు మైనస్‌కు. అవుట్ అని రాసిన రెండు బిందువుల నుంచి మన లోడు, అంటే కరెంటు లాగే వస్తువు.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ప్లస్ రెండు చోట్లా ఒకటే కదా, మైనస్ కూడా ఒకటే అయి ఉంటుందని లోడు నల్ల వైరును బీ మైనస్‌కు కట్టేస్తారు. పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ రక్షణ చిప్పు కాపలా కాసేది మైనస్ దారినే. లోడు బీ మైనస్ నుంచి వెళ్తే కాపలావాడి వెనకనుంచి గోడ దూకి వెళ్ళినట్టు. నల్ల వైరు అవుట్ మైనస్ నుంచే పోవాలి.

అవుట్ ప్లస్ నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి ఎంటీ3608 ఇన్ ప్లస్‌కు. అవుట్ మైనస్ నుంచి ఇన్ మైనస్‌కు. ఎంటీ3608 అవుట్ వైపు ఇప్పుడే ఏమీ కట్టకండి. చిన్న వోల్టు మీటరును పుష్ బటన్ ద్వారా ఫ్యూజు దాటాక సెల్లుల ప్లస్, మైనస్‌ల మధ్య కట్టండి. బటన్ లేకపోతే ఆ మీటరే రాత్రింబవళ్ళు సెల్లును తాగుతుంది.

అంతా కట్టాక అవుట్ దగ్గర కొలిస్తే సున్నా రావచ్చు. బోర్డు పోయిందని కంగారుపడకండి. రక్షణ చిప్పు కొత్తగా సెల్లు తగిలినప్పుడు గొళ్ళెం పెట్టుకుని కూర్చుంటుంది. ఛార్జరు ఒక్క క్షణం పెట్టి తీస్తే తెరుచుకుంటుంది. ఎప్పుడైనా షార్టయి ఆగిపోయినా అదే మందు.

వోల్టేజీ సవరించడం

ఎంటీ3608 మీద నీలం రంగు చిన్న పెట్టె, దాని తలమీద ఇత్తడి మర ఉంటుంది. అదే మన పెత్తనం. లోపల జరిగేది ఇది: బోర్డు తన అవుట్‌పుట్‌ను రెండు నిరోధాల మధ్య పంచి, మధ్యలో వచ్చింది 0.6 వోల్టుకు సమానంగా ఉండేలా చూసుకుంటుంది. ఒక నిరోధం బోర్డు మీద స్థిరంగా ఉంటుంది, సాధారణంగా 2.2 కిలో ఓములు. రెండోది ఈ నీలం పెట్టె, 100 కిలో ఓముల దాకా. 12 వోల్టులు రావాలంటే నీలం పెట్టె దాదాపు 42 కిలో ఓముల దగ్గర ఉండాలి. పూర్తిగా తెరిస్తే లెక్క 28 వోల్టుల దాకా పోతుంది. ఆ 28 గుర్తుంచుకోండి, ఎందుకంటే చాలా బోర్డులు దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఆ మర ఎటో కొసకు తిప్పేసి ఉంటుంది.

నా మొదటి బోర్డు అలాగే వచ్చింది. రౌటరు ముందే తగిలించి, మర తిప్పుతూ ఉన్నాను. పది చుట్లు తిప్పినా మీటరులో కదలిక లేదు. బోర్డు పాడైందనుకుని ఇంకా తిప్పాను. ఉన్నట్టుండి అంకెలు 17, 19, 22 అని ఎగబాకాయి. రౌటరు దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఆరిపోయాయి. కాలిన ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. తప్పు బోర్డుది కాదు, నాది.

అందుకని ఇలా చేయండి. అవుట్ వైపు ఏ వస్తువూ లేకుండా, మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ప్రోబులను మొసలి క్లిప్పులతో అవుట్ బిందువులకు బిగించండి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. స్విచ్చి వేయండి. మీటరు ఒకటి మాత్రమే చూపించి ఆగిపోతే 20 దాటిందని అర్థం, పై రేంజికి మార్చుకోండి. సన్నటి స్క్రూడ్రైవరుతో మరను ఎడమవైపుకు తిప్పుతూ వెళ్ళండి. మొదటి పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై చుట్ల దాకా ఏమీ జరగదు. తొందరపడకండి. కదలిక మొదలయ్యాక పావు చుట్టు చొప్పునే తిప్పండి. 12.0 దగ్గర ఆపండి. తొమ్మిది వోల్టుల రౌటరైతే 9.0. ఈ బోర్డు పెంచగలదే కానీ తగ్గించలేదు. సెల్లులో నాలుగుంటే అవుట్‌లో నాలుగు కంటే తక్కువ రాదు.

రౌటరు ఎన్ని వోల్టులదో దాని అడుగున, అడాప్టరు మీద రాసి ఉంటుంది. పక్కనే గుండ్రటి బొమ్మలో ప్లస్ లోపలా బయటా అన్నది చూపిస్తుంది. ఎక్కువ రౌటర్లకు లోపలి పిన్ను ప్లస్. మీది చూసి కట్టండి.

ఇప్పుడు స్విచ్చి ఆపి, పిన్ను సోల్డరు చేసి, మళ్ళీ స్విచ్చి వేసి పిన్ను కొసలో కొలవండి. 12 ఉంటేనే రౌటరుకు తగిలించండి. తగిలించాక మరోసారి కొలవండి. 11.8 వరకూ పడితే ఫరవాలేదు. 11 కిందకు పడితే మర తిప్పి పెంచేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు వైరు సన్నగా ఉందా, సోల్డరు వదులుగా ఉందా చూడండి, ఎందుకంటే రౌటరు తీసేసిన మరుక్షణం పెంచిన వోల్టేజీ అంతా అలాగే ఉంటుంది. అంతా సరిపోయాక మర తలమీద చుక్క గోళ్ళ రంగు వేయండి. సంచిలో కదిలినా మర తిరగదు.

ఎంత బరువు మోపవచ్చు

వోల్టేజీ పెంచితే కరెంటు ఎక్కడినుంచో పుట్టదు. 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు అంటే ఆరు వాట్లు. బోర్డులో పోయేది పోగా సెల్లుల నుంచి ఏడు వాట్లు లాగాలి. సెల్లు 3.7 దగ్గర ఉన్నప్పుడు అది 1.9 ఆంపియర్లు, 3.2కి దిగినప్పుడు 2.2 ఆంపియర్లు. చూశారా, సెల్లు నీరసించే కొద్దీ దాని మీద పడే భారం పెరుగుతుంది. టీపీ4056 రక్షణ మూడు ఆంపియర్ల చుట్టుపక్కల కోసేస్తుంది, ఎంటీ3608 రెండు దాటితే వేడెక్కుతుంది. కాబట్టి ఈ పెట్టెకు ఆరు వాట్లే హద్దు. టేబుల్ ఫ్యానుకు ఇది చాలదు, పెట్టకండి. రౌటరు 0.4 ఆంపియర్లు లాగుతుంటే నాలుగు గంటలు నిశ్చింతగా నడుస్తుంది.

ఎప్పుడు ఆపాలన్నది చిప్పు మీద వదిలేయకండి. డీడబ్ల్యూ01 అనే ఆ రక్షణ చిప్పు 2.4 వోల్టుల దగ్గర కానీ కోయదు, అది మరీ ఆలస్యం. బటన్ నొక్కి చూసి, లోడు మీద 3.2 చూపిస్తే స్విచ్చి ఆపేయండి. సెల్లు ఆయుష్షు దాంతోనే ఏళ్ళకేళ్ళు పెరుగుతుంది.

ఇంకొకటి. పెంచే బోర్డుల్లో ఇన్ నుంచి అవుట్‌కు కాయిలు, డయోడు మీదుగా తిన్నటి దారి ఎప్పుడూ ఉంటుంది. అవుట్ పిన్ను షార్టయితే ఎంటీ3608 కాపాడదు. కాపాడేవి రక్షణ చిప్పు, ఫ్యూజు. అందుకే ఆ ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టే అలవాటు ఉన్నవాళ్ళు దయచేసి ఈ పెట్టె జోలికి రావద్దు.

ఛార్జింగు, మన ఎండలు

టీపీ4056 ఒక ఆంపియరు ఇస్తుంది. 7,500 నిండడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు. ఆ సమయంలో అవుట్ స్విచ్చి ఆపి ఉంచండి. ఈ చిప్పు కరెంటు పదో వంతుకు తగ్గినప్పుడే నిండిందని తెలుసుకుని ఆగుతుంది. రౌటరు కూడా అదే సమయంలో లాగుతుంటే దానికి ఆ లెక్క తెలియక, ఆగాల్సిన చోట ఆగదు. ఇది రోజంతా తగిలించి ఉంచే యూపీఎస్ కాదు, నింపి పక్కన పెట్టుకుని అవసరానికి వాడుకునే పెట్టె. టైప్ సీ రంధ్రం ఉన్న కొన్ని బోర్డులు రెండువైపులా సీ ఉన్న కేబులుతో అసలు ఎక్కవు, పాత వెడల్పు యూఎస్‌బీ అడాప్టరు వాడండి.

ఛార్జింగు బోర్డు మిగిలిన వోల్టేజీని వేడిగా వదిలేసే రకం, మునివేళ్ళు చురుక్కుమంటాయి. దాన్ని సెల్లులకు అంటించకుండా రెండు అంగుళాల ఎడంగా, డబ్బా గోడకు బిగించి, పక్కనే నాలుగు రంధ్రాలు పొడవండి.

ఈ సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదని తయారీదారులే రాస్తారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడలో ఆ రోజుల్లో మేడ మీద రేకుల గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. మేలో పగటిపూట ఛార్జింగు వద్దు, అటక మీద వద్దు, కారులో అసలే వద్దు. తెల్లవారుజామున, గచ్చు మీద, కర్టెన్లకూ పరుపులకూ దూరంగా, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే రాత్రి పడకగదిలో ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ పేలి ఒక ఇంటి పెద్ద చనిపోయాడు. మనది దాని ముందు చిన్నదే, కానీ రసాయనం కోవ ఒకటే. మంచం పక్కన పెట్టుకుని నిద్రపోకండి.

సెల్లు ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, బుసకొట్టినా చేత్తో పట్టుకోవద్దు. ఛార్జరు మెయిన్ ఆపి, వీలైతే బయటికి నెట్టి, దూరం నుంచి నీళ్ళు పోయండి, బాగా పోయండి. నీళ్ళు సెల్లును చల్లబరిచి పక్క సెల్లుకు అంటుకోకుండా చూస్తాయి. ఆ పొగ పీల్చవద్దు, అందులో విషవాయువులుంటాయి.

మొదటి పరీక్ష, ఆ తర్వాత

డబ్బా మూత బిగించే ముందు అరగంట లోడు మీద నడపండి. ఫ్యూజు హోల్డరు, నికెల్ పట్టీలు, ఎంటీ3608 నల్ల చిప్పు, స్విచ్చి కాళ్ళు ఒక్కొక్కటీ తాకి చూడండి. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ అతుకు సరిగా లేదు. మా కుర్రాడి పెట్టెలో స్విచ్చి కాలు కాలింది, సోల్డరు మెరవకుండా బూడిద రంగులో, ముద్దలా ఉంది. మళ్ళీ వేడిచేసి, ఫ్లక్సు పెట్టి, అద్దంలా మెరిసేదాకా కరిగించాడు. వేడి పోయింది.

వైరు ఊగకుండా ప్రతి అతుకుకూ స్లీవు, డబ్బా లోపల టై బిగించండి. మూత మీద స్కెచ్ పెన్నుతో 12 వోల్టులు, 6 వాట్లు, కట్టిన తేదీ రాయండి. రేపు ఇంట్లో ఇంకెవరైనా చూసి తొమ్మిది వోల్టుల వస్తువు తగిలించకుండా ఉంటారు.

వాడకుండా ఉంచే రోజుల్లో నిండుగానూ, ఖాళీగానూ కాకుండా 3.8 వోల్టుల దగ్గర పెట్టి, రెండు నెలలకోసారి బటన్ నొక్కి చూడండి. తుపాను హెచ్చరిక వస్తే ముందు రోజే 4.2కి నింపుకోండి. పరీక్షలో తప్పిన సెల్లులను, ఆయుష్షు తీరినవాటిని మునిసిపల్ చెత్త బండిలో వేయకండి, బండిలో నలిగితే అక్కడే మంట. రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి, గాజు సీసాలో వేసి ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులదే. మా ఇంట్లో ఆ సీసాలో ఇప్పుడు ఏడున్నాయి, నలభై నిమిషాలకే పడిపోయిన ఆ కుర్రాడి సెల్లు కూడా అందులోనే ఉంది.